కుడి ట్యాంకులో ఇరవై మూడు లీటర్ల నీళ్లు

వేట నిషేధం ముగిసిన మూడో రోజు, ఇంకా తెల్లారకముందే ఫోను మోగింది. సముద్రంలో ఇంజను ఆగిపోయిందని, వేరే బోటు తాడు కట్టి లాక్కొస్తోందని, పది గంటలకల్లా విశాఖ ఫిషింగ్ హార్బర్ జెట్టీ దగ్గర ఉండమని ఓనరు చెప్పాడు. ఏమైందని అడిగితే ఒకటే మాట: "బంకోడు డీజిల్లో నీళ్లు కలిపేసినాడు మేస్త్రీ."

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు మరబోట్లు వేటకు వెళ్లవు. జూన్ 15 తర్వాత రెండు వారాల్లో బోటు ఇంజన్ల మెకానిక్కునైన నాకు వచ్చే ఫోన్లలో డీజిల్లో నీళ్లు, ఫిల్టర్లు మూసుకుపోవడం గురించినవే ఎక్కువ. వాటిలో ఈ ఒక్క కేసునే వివరంగా రాయడానికి కారణముంది. ఇక్కడ ఇంజనును నీళ్లు కొంత పాడుచేశాయి. ఆ నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయన్న తప్పుడు నమ్మకం మిగతాదంతా పాడుచేసింది.

బోటు 14 మీటర్ల చెక్క బోటు. ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజను, దానిలోకి డీజిల్ కొట్టే పాత రకం ఇన్‌లైన్ పంపు. ఇంజను గదిలో కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి ఇనుప ట్యాంకులు, ఒక్కోటి దాదాపు వెయ్యి లీటర్లు. ఇంజనుకు ఏ ట్యాంకు నుంచి డీజిల్ వెళ్లాలో మార్చుకోవడానికి కాక్ ఉంది. రెండు ట్యాంకులను కలిపే పైపు కూడా ఉంది కానీ దాని వాల్వును ఈ బోటులో ఎప్పుడూ మూసే ఉంచుతారు. నిషేధం మొదలైనప్పుడు రెండింట్లోనూ సగం సగం డీజిల్ ఉంది. జూన్ 14 మధ్యాహ్నం రెండింటినీ ఒకే బంకులో, ఒకే గొట్టంతో నింపారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

పానా పట్టుకునే ముందు డ్రైవరును కూర్చోబెట్టి జరిగింది మొదటి నుంచి చెప్పించుకోవడం నా అలవాటు. అతను చెప్పిన ప్రకారం, జెట్టీ దగ్గర రెండు గంటలు ఇంజను నడిపి చూశారు, ఏ తేడా లేదు. బయల్దేరాక కూడా ఆరు గంటలు బాగానే నడిచింది. భీమిలి దాటి బయటికి పోయి ఎదురు కెరటంలో పడ్డాక ఇంజను గొంతు మారింది. లోడ్ ఇస్తే ఆర్‌పీఎం పడిపోతోంది, పొగ తెల్లగా వస్తోంది. ఫిల్టర్లు విప్పితే కాయితం మీద గోధుమరంగు జిగురు. కొత్త జత వేశారు, గంటన్నర నడిచింది. రెండో జత పాతిక నిమిషాలే వచ్చింది. మూడో జత బోటులో లేదు. అప్పుడు ఫిల్టర్ ఎలిమెంట్లు తీసేసి, ఖాళీ గిన్నెలు బిగించి ఇంజను స్టార్ట్ చేశారు. పావుగంట టకటకమని కొట్టుకుంటూ నడిచి ఆగిపోయింది. మళ్లీ లేవలేదు.

"కాక్ తిప్పి ఎడమ ట్యాంకు మీద నడిపి చూశావా తమ్ముడూ?" అని అడిగాను.

"రెండింట్లోనూ ఒకటే డీజిలు కదన్నా. తిప్పితే ఏటవుద్ది?"

అతను తెలివి తక్కువవాడు కాదు. రాత్రి, గాలి, బోటులో ఎనిమిది మంది మనుషులు. బంకు డీజిలే చెడిందని ఒకసారి నమ్మాక రెండు ట్యాంకులూ చెడినట్టే లెక్క. ఆ నమ్మకం నుంచి చూస్తే అతను చేసింది సబబే. కానీ ఆ కాక్ తిప్పి, లైన్లో చేరిన నీళ్లు వంచేసి ఉంటే ఆ రాత్రే వాళ్ల శక్తితో వాళ్లు ఇంటికి వచ్చేవారు. పంపు కూడా మిగిలేది.

ముందుగా నమూనాలు తీశాను. మూడు గాజు సీసాలు: ఫిల్టరు గిన్నె అడుగు నుంచి ఒకటి, రెండు ట్యాంకుల డ్రెయిన్ ప్లగ్గుల నుంచి చెరొకటి. సీసాలను ఓ గంట కదపకుండా ఉంచాను. ఫిల్టరు సీసాలో మూడు పొరలు విడిపోయాయి. కింద మసక నీళ్లు, పైన డీజిల్, మధ్యలో నానబెట్టిన సబ్జా గింజల్లాంటి జిగురు. కుడి ట్యాంకు సీసాలో దాదాపు అంతా నీళ్లే, కుళ్లిన గుడ్డు వాసన. ఎడమ ట్యాంకు సీసాలో అడుగున వేలెడు కూడా నీళ్లు లేవు, పైన డీజిల్ తళతళలాడుతోంది.

తర్వాత కొలకర్రకు నీళ్లు పట్టే పేస్టు రాసి ట్యాంకుల్లో దించాను. బంకుల్లో వాడే పేస్టే ఇది, నీళ్లు తగిలినంత మేర ఎర్రబడుతుంది. కుడి ట్యాంకులో అంగుళం ఎత్తు ఎర్రబడింది. ఎడమలో కర్ర కొస మాత్రమే మారింది. ఆ తర్వాత డ్రెయిన్ చేసి క్యాన్లతో కొలిస్తే కుడి ట్యాంకు నుంచి 23 లీటర్ల నీళ్లు, ఎడమ ట్యాంకు నుంచి ఒక గ్లాసుకు అటూ ఇటూ.

జెట్టీ దగ్గర ఏమీ కాని ఇంజను సముద్రంలో ఎందుకు ఆగిందో ఇక్కడే అర్థమైంది. ట్యాంకు అడుగు ఒకటిన్నర మీటరు పొడవు, అరవై సెంటీమీటర్ల వెడల్పు. 23 లీటర్లు దాని మీద పరుచుకుంటే అంగుళం ఎత్తు వస్తుంది. డీజిల్ పీల్చే పైపు మూతి అడుగు నుంచి రెండు అంగుళాల పైన ఉంది. బోటు నిలకడగా ఉన్నంతసేపు పైపు నోట్లోకి మంచి డీజిలే వెళ్తుంది. బోటు ఊగడం మొదలయ్యాక అడుగున ఉన్న నీళ్లు, వాటి మీద పెరిగిన పాచి (ఆ జిగురే) లేచి డీజిల్లో కలుస్తాయి. జెట్టీ దగ్గర ఎన్ని గంటలు నడిపి చూసినా ఈ జబ్బు బయటపడదు.

ఇక కారణం. ఓనరు బంకు మీద ఫిర్యాదు పెడతానన్నాడు. ఆయన కోపం నాకు అర్థమవుతుంది, 61 రోజులు సంపాదన లేక మొదటి వేటే ఇలా అయింది. కానీ ఒకే గొట్టం నుంచి ఒకే పూట రెండు ట్యాంకులూ నిండాయి. బంకులో నీళ్లు ఉంటే ఎడమ ట్యాంకులోనూ ఉండాలి. అయినా అనుమానం మిగలకూడదని ఇద్దరం బంకుకు వెళ్లాం. మేనేజరు మా ముందే తన భూగర్భ ట్యాంకులో పేస్టు రాసిన కర్ర దించాడు. ఎరుపు లేదు.

అప్పుడు మా కుర్రాడు రెండో మాట అన్నాడు, మా మెకానిక్కులం అందరం అనే మాటే: "ట్యాంకుకు చెమట పట్టింది." సగం ఖాళీ ట్యాంకులో పగటి వేడి, రాత్రి చల్లదనం వల్ల తేమ నీళ్లుగా మారి అడుక్కి దిగుతుందని చెబుతాం. నేనూ చాలా ఏళ్లు ఓనర్లకు ఇదే చెప్పాను. ఈసారి లెక్క వేశాను. ట్యాంకులో ఖాళీ 500 లీటర్లు. పగటికీ రాత్రికీ పది డిగ్రీల తేడా ఉంటే లోపలి గాలి దాదాపు 3 శాతం వ్యాకోచించి ముడుచుకుంటుంది. అంటే రోజుకు పదిహేడు లీటర్ల కొత్త గాలి లోపలికొస్తుంది. విశాఖ మే నెల ఉక్కలో కూడా వెయ్యి లీటర్ల గాలిలో ఉండే తేమ ముప్పై గ్రాములకు మించదు. ఆ పదిహేడు లీటర్లలో ఉన్న తేమంతా నీళ్లయినా రోజుకు అర గ్రాము. 61 రోజులకు ముప్పై గ్రాములు, అంటే రెండు టేబుల్ స్పూన్లు. ఎడమ ట్యాంకులోని గ్లాసుడు నీళ్లలో కొంతైనా ఇలా వచ్చిందంటే ఒప్పుకుంటాను. 23 లీటర్లకు చెమట కథ సరిపోదు. పైగా రెండు ట్యాంకులూ ఒకే గదిలో, ఒకే గాలిలో ఉన్నాయి.

అంటే నీళ్లు బయటి నుంచి, ఒక్క కుడి ట్యాంకులోకే వచ్చాయి. వర్షపు నీళ్లా, సముద్రపు నీళ్లా? దీనికి ఖరీదైన పరీక్ష అక్కర్లేదు. నీళ్లలో కరిగిన ఉప్పులు ఎన్నున్నాయో చూపే, ఇంట్లో తాగునీటికి వాడే టీడీఎస్ మీటరు చాలు. సముద్రపు నీటిని నేరుగా పెడితే ఆ చిన్న మీటరు కొలత దాటిపోతుంది కాబట్టి ఒక వంతు నీళ్లకు పందొమ్మిది వంతుల ఆర్‌ఓ నీళ్లు కలిపాను. ఆర్‌ఓ నీళ్లు విడిగా 40 చూపించాయి. జెట్టీ పక్కనే తోడిన సముద్రపు నీళ్లు అదే పాళ్లలో 1,650. ట్యాంకు నీళ్లు 720. అంటే ఐదు వంతుల్లో దాదాపు రెండు వంతులు సముద్రపు నీళ్లు, మిగతాది వాన నీరో కుళాయి నీరో. బోటు అడుగు చెక్కల్లోంచి సముద్రం కారుతుంటే అన్నీ ఉప్పునీళ్లే ఉండాలి. ఉప్పునీళ్లూ మంచినీళ్లూ కలిసి నిలిచే చోటు బోటులో ఒక్కటే ఉంది, డెక్కు.

డెక్కు మీద కుడివైపు డీజిల్ పోసే మూత డెక్కుతో సమానంగా బిగించి ఉంది. నిషేధంలో వలలన్నీ కుడివైపే పోగేశారు, బోటు కాస్త అటు వాలింది. మేలో కురిసిన వానలు, డెక్కు కడిగిన సముద్రపు నీళ్లు ఆ మూత చుట్టూ నిలబడ్డాయి. వలల కింద ఉండటంతో ఎవరూ చూడలేదు. మూత విప్పి చూస్తే లోపల రబ్బరు రింగు బదులు సైకిల్ ట్యూబు కోసి వేసిన ముక్క ఉంది. ఆ రబ్బరు డీజిల్ తగిలితే ఉబ్బుతుంది. అది ఉబ్బి, మెలితిరిగి, ఒక పక్కకు జరిగిపోయింది. ట్యాంకు ఖాళీ చేశాక లోపల మెడ (మూత కింద డీజిల్ దిగే గొట్టం) కింద పొడి న్యూస్‌పేపరు పట్టుకుని, మూత గట్టిగా బిగించి, చుట్టూ బకెట్ నీళ్లు పోయించాను. రెండు నిమిషాల్లో పేపరు తడిసింది. ఓనరు ఆ పేపరు చేతిలోకి తీసుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. బంకు గురించి ఆ తర్వాత ఎత్తలేదు.

ట్యాంకు లోపలి గోడ మీద తుప్పు గీతలు రెండు ఉన్నాయి. ఒకటి అంగుళం ఎత్తున, ఇంకోటి అందులో సగం ఎత్తున. కింది గీత పాతది, గట్టిపడి ఉంది. అంటే ఈ నిషేధానికి ముందే కొంత నీళ్లు చేరి ఉన్నాయి. పాచి అంత మందంగా పేరుకోవడానికి కూడా అదే కారణం.

ఈ పాచి గురించి కొంచెం చెప్పాలి. డీజిల్, నీళ్లు కలిసే గీత దగ్గర బూజు, బాక్టీరియా పెరుగుతాయి. వాటికి ఉండటానికి నీళ్లు కావాలి, తినడానికి డీజిల్ కావాలి. వీటిలో బాగా పేరున్న బూజు హార్మోకోనిస్ రెసినే. కుళ్లిన గుడ్డు వాసన మాత్రం సముద్రపు నీటిలోని సల్ఫేటును వాడుకుని బతికే బాక్టీరియాది, ఆ వాసన హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుది. ఇవి వదిలే ఆమ్లాలు ట్యాంకు ఇనుమును తినేస్తాయి. 2020 ఏప్రిల్‌లో కాలుష్య నియమాలు బీఎస్-6 వచ్చాక డీజిల్లో గంధకం 10 పీపీఎంకు (పది లక్షల్లో పది వంతులకు) తగ్గిందని, అందుకే పాచి ఎక్కువైందని జెట్టీలో వింటుంటాను. గంధకం ఎంతున్నా నీళ్లు లేని ట్యాంకులో పాచి పెరగదు. నేను నీళ్ల వెంటే పడతాను.

ట్యాంకు శుభ్రం చేయడంలో ఒక విషయంలో నేను మొండిగా ఉంటాను. మనిషిని లోపలికి దించను. కుళ్లిన గుడ్డు వాసన కాసేపటికి ముక్కుకు తెలియడం మానేస్తుంది, గ్యాస్ మాత్రం అక్కడే ఉంటుంది. మ్యాన్‌హోలు తెరిచి, బ్లోయరుతో ఒక పూట గాలి కొట్టించి, బయట నిలబడే పొడవు కర్ర బ్రష్షులతో, గుడ్డలతో పని చేశాం. ముందు పైనున్న మంచి డీజిల్ దాదాపు 600 లీటర్లను చేతి పంపుతో డ్రమ్ముల్లోకి తీశాం, అడుగు కదలకుండా మెల్లగా. తర్వాత అడుగు మురికి. నీళ్లు, జిగురు, తుప్పు అన్నీ వేరే డ్రమ్ములో పట్టి వాడేసిన ఆయిల్ సేకరించేవాళ్లకు అప్పగించాం. మన హార్బర్ నీళ్లలోకి చుక్క కూడా వంచనివ్వలేదు.

డ్రమ్ముల్లోని డీజిల్‌ను ఒకటిన్నర రోజు కదపకుండా ఉంచి, అడుగు నుంచి జానెడు వదిలేసి పైది మాత్రమే ఫిల్టరు గుండా తోడి గాజు సీసాలో చూశాం. మసక లేకుండా తేరుకున్నదాన్నే వెనక్కి పోశాం. దానికి పాచి మందు సీసా మీద రాసిన మోతాదులో కలిపాం. మందు ముందు పోసి తర్వాత శుభ్రం చేద్దామని ఓనరు అడిగాడు. అలా చేస్తే చచ్చిన పాచంతా ఊడి ఒక్కసారే ఫిల్టర్ల మీద పడుతుంది. స్పిరిట్ పోస్తే నీళ్లు కలిసిపోతాయని ఒక కళాసీ అన్నాడు. 23 లీటర్ల నీళ్లకు అది ఏ మూలకూ చాలదు, కలిసిన నీళ్లు కూడా నేరుగా పంపులోకే వెళ్తాయి.

పంపు ఆటోనగర్లో కాలిబ్రేషన్ షాపులో విప్పారు. బ్యారెల్ అనే గొట్టంలో పైకీ కిందకీ ఆడుతూ డీజిల్ నెట్టే ఆరు ప్లంజర్లలో రెండు గీతలు పడి బిగుసుకుపోయాయి. ప్లంజరుకూ బ్యారెల్‌కూ మధ్య ఉండే సందు కొన్ని మైక్రాన్లే, తల వెంట్రుక మందం అంతకు పదింతలకు పైనే ఉంటుంది. ఆ సందులో డీజిలే నూనె. నీళ్లు చేరితే ఇనుము ఇనుముతో రాసుకుంటుంది. సిలిండర్లోకి డీజిల్ చిమ్మే నాజిళ్లలో మూడు పాడయ్యాయి. ఒకదాని మొన విరిగింది. వేడి నాజిల్లో నీళ్లు ఒక్కసారిగా ఆవిరైతే ఇలాగే అవుతుంది. రెండు ఎలిమెంట్లు (ప్లంజరు, బ్యారెల్ జతలు), మూడు నాజిళ్లు మార్చి, ఆరింటికీ డీజిల్ సమానంగా వెళ్లేలా డెలివరీ సరిచేయించాం. ఇదంతా ఆ చివరి పావుగంటలో జరిగిందేనని నా నమ్మకం. ఫిల్టర్లు ఉన్నంతసేపు ఇంజను ఆకలితో ఆగింది, దెబ్బ తగల్లేదు. ఫిల్టరు మూసుకుపోవడమంటే అది తన పని చేసినట్టు.

పంపు వచ్చేలోపు లైన్లు శుభ్రం చేశాం. పైపులు రెండు చివర్లా విప్పి గాలి కొట్టాం. ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు జల్లెడ తీస్తే దాన్నిండా అదే జిగురు. రిటర్న్ లైను చాలామంది మరిచిపోతారు, పంపు నుంచి మిగిలిన డీజిల్ దాంట్లోంచే ట్యాంకుకు వస్తుంది కాబట్టి మురికి అందులోనూ ఉంటుంది. దాన్ని కూడా విప్పితే అరచెంచా తుప్పు రాలింది. ఇంజను ఆయిల్లో డీజిల్ దిగి ఉంటుందన్న అనుమానంతో ఆయిల్ కూడా మార్చేశాం.

బాగుచేసిన పంపు బిగించాక ఇంజనును ట్యాంకుకు కలపలేదు. ఇరవై లీటర్ల క్యాన్లో మంచి డీజిల్ పెట్టి దాని నుంచే పైపు ఇచ్చాం. చేతి ప్రైమరు కొడుతూ మొదటి ఫిల్టరు, రెండో ఫిల్టరు, పంపు, ఈ వరుసలో బుడగలు ఆగేదాకా ఎయిర్ తీశాం. తర్వాత నాజిళ్ల దగ్గర నట్లు వదులు చేసి ఇంజను తిప్పాం. క్యాన్ మీద గంట నడిచింది, గొంతు శుభ్రంగా ఉంది. అప్పుడు ట్యాంకుకు కలిపాం. ఇలా చేస్తే తర్వాత ఏ తేడా వచ్చినా అది ట్యాంకు వైపు ఉందా, ఇంజను వైపు ఉందా అని తడుముకోనక్కర్లేదు.

బోటులో మేం చేసిన మార్పులు తక్కువ. కుడి మూత మెడను విప్పి ఒడ్డుకు తెచ్చి, డెక్కు కంటే ఆరంగుళాలు ఎత్తు వచ్చేలా వెల్డింగ్ చేయించాం. డీజిల్ ట్యాంకు మీద వెల్డింగ్ పెట్టనివ్వను, అందుకే ఒడ్డుకు తేవడం. మూతకు డీజిల్ తగిలినా ఉబ్బని నైట్రైల్ రబ్బరు 'ఓ-రింగు'. ఫీడ్ పంపుకు ముందు నీళ్లు వేరుచేసే ఫిల్టరు, అడుగున పారదర్శకమైన గిన్నె, మంట తగలకుండా గిన్నె కింద ఇనుప తొడుగు. కాక్ దగ్గర ఎడమ, కుడి అని పెయింటుతో పెద్ద అక్షరాలు. బోటులో ఎప్పుడూ నాలుగు జతల ఫిల్టర్లు.

నిషేధంలో ట్యాంకులు నింపి ఉంచితే తేమకు చోటుండదని పుస్తకాల్లో ఉంటుంది. మన దగ్గర ఓనర్లు అలా చేయడానికి ఇష్టపడరు. రెండు నెలలు అంత డబ్బు ట్యాంకులో ఇరుక్కుంటుంది. దానికి తోడు 2023 నవంబరులో ఇదే హార్బర్లో రాత్రికి రాత్రి పదుల బోట్లు తగలబడిపోవడం చూశాక, నిండు ట్యాంకులతో బోట్లు పక్కపక్కన కట్టి ఉంచాలంటే ఎవరికైనా టెన్షనే. నా లెక్కలో చెమట వాటా రెండు స్పూన్లే కాబట్టి నేను నింపమని పట్టుబట్టలేదు. డ్రెయిన్ ప్లగ్గు పదిహేను రోజులకోసారి విప్పాలి, మూత మీద వలలు పెట్టకూడదు. ఈ రెండే అడిగాను.

మరమ్మతు తర్వాత మొదటి వేట నుంచి వచ్చాక గిన్నెలో అరచెంచా నీళ్లు, కాస్త గోధుమ పొడి. రెండో వేటకు పొడి కూడా లేదు. అక్టోబరు, నవంబరు వానల్లో నెలకోసారి పేస్టు కర్ర దించి చూశాం, ఎరుపు రాలేదు. తర్వాతి ఏడాది నిషేధం ముగిసే ముందు రోజు డ్రైవరే సీసాలో నమూనా పట్టి తెచ్చి నాకు చూపించాడు. కుడి ట్యాంకుది తళతళలాడుతోంది. ఎడమ ట్యాంకు సీసా అడుగున ఈసారి రెండు వేళ్ల నీళ్లు కనిపించాయి. ఆ మూతకు ఇంకా పాత మెడే ఉంది. దాని 'ఓ-రింగు' ఆ సాయంత్రమే మార్చాం, మెడ ఎత్తించే పని బోటు మళ్లీ స్లిప్‌వే (బోట్లను ఒడ్డుకు లాగే వాలు) ఎక్కేదాకా ఆగాలి.